ప్రయాణపు కార్డులు – స్త్రీల రాకపోకలు

పూర్వము బస్సు టిక్కెట్టు ప్రయాణముతోనే పుట్టి ప్రయాణముతోనే గిట్టుచుండెడిది. కండక్టరు చించి యిచ్చిన యా చిన్న కాగితపు ముక్కను మనము గాజుల సందున దోపుకొనియో, కొంగున ముడివైచియో, దిగినతోడనే పారవైచుచుంటిమి. ఎవరు ఎచ్చట నెక్కి ఎచ్చట దిగిరో ఆ కాగితమునకు తెలియదు. కండక్టరునకు మఱునాటికి జ్ఞాపక ముండదు. ఇప్పుడు మహానగరములందు టిక్కెట్టునకు మాఱుగా కార్డు వచ్చినది. దీని కథ ప్రయాణముతో ముగియదు. ద్వారమున తాకించినప్పుడెల్ల, ఈ నంబరు గల కార్డు ఈ స్టేషనున ఇన్ని గంటల ఇన్ని నిమిషములకు లోనికి వచ్చినది, ఫలానిచోట వెలికి పోయినది అని యొక పంక్తి ఎక్కడనో వ్రాయబడుచున్నది. ఆ పంక్తిని ఎంతకాలము దాచుదురు, ఎవరికి చూపుదురు అను ప్రశ్నలు పురుషులకంటె స్త్రీలకే ముఖ్యములని మా తలంపు. అందుచేత నీ సంగతిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

ముందుగా కార్డు పనిచేయు విధము తెలియవలెను. దాని లోపల గోటికన్న చిన్నదైన చిప్పును, దానిచుట్టు సన్నని తీగచుట్టయు నుండును. బ్యాటరీ యేమియు లేదు. ద్వారముకడ నున్న యంత్రము రేడియో తరంగములను వెలువరించుచుండును. కార్డును దానికి చేరువగా పట్టినప్పుడు ఆ తీగచుట్టయందు క్షణకాలము విద్యుత్తు పుట్టి చిప్పును మేల్కొలుపును. చిప్పు తన నంబరు చెప్పును. యంత్రము అందలి సొమ్ము చూచి తలుపు తీయును. మెట్రో రైలున ఛార్జి దూరమును బట్టి యుండును గనుక ఎక్కినచోటు, దిగినచోటు రెండును తెలియవలయును. కాబట్టి వ్రాత లేకుండ పని జరుగదు. ఇంతవఱకు మాకును ఆక్షేపణ లేదు. పచారికొట్టు షావుకారు పద్దు వ్రాయక అరువీయడు గదా! కాని పద్దు తీఱినపిమ్మట ఆ కాగితము చింపివేయునా, లేక మన మనుమరాలి కాలమువఱకు దాచునా యనునదియే విచారింపవలసినది.

ఈ వ్రాత యొక్కచోటనే యుండదు. ప్రయాణసంస్థవారి కంప్యూటరునందు ఒకటి యుండును. హాంకాంగులోని ఆక్టోపస్, జపానులోని సూయికా వంటి కార్డులయందైతే ఇటీవలి ప్రయాణముల వివరములు చిప్పులోనే నిలిచియుండును. నేటి సెల్ ఫోనులు పెక్కింటికి ఆ చిప్పును చదువు శక్తి కలదు. చేతిసంచిలోని కార్డును ఒక్క నిమిషము తీసికొనగలవాడు చాలును, మన రాకపోకలు తెలిసికొనుటకు.

ప్రజల రాకపోకలను రాజ్యము కనిపెట్టుట క్రొత్త సంగతి కాదు. అర్థశాస్త్రమున కౌటిల్యుడు ముద్రాధ్యక్షుడను నుద్యోగిని చెప్పియున్నాడు. అతడొక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చును. ముద్ర గలవారే జనపదమును ప్రవేశించుటకును విడుచుటకును అర్హులు. నగరమున పది, ఇరువది, లేక నలువది కుటుంబముల కొక గోపుడు. ఆ యిండ్లలోని స్త్రీపురుషుల కులగోత్రనామములును, వృత్తులును, ఆయవ్యయములును అతడు ఎఱిగియుండవలెను. బాటసారులు దిగిన సత్రములవారును ఆ సంగతి నివేదింపవలెను. బాల్యమున తండ్రిగారికడ మొదట నిది చదువుకొన్నప్పుడు మాకు మిక్కిలి కఠినముగా తోచినది. అయినను గోపుడు మనుష్యుడు. నలువది యిండ్లకు మించి చూడజాలడు, నిద్రపోవును, మఱచును, ఒక్కొక్కప్పుడు జాలిపడి చూచియు చూడనట్లుండును. యంత్రమున కీ గుణము లేవియు లేవు.

ఇక ఈ కార్డులు ముందుగా వాడుకలోనికి వచ్చిన నగరముల యనుభవము చూతము. లండనున ఆయిస్టర్ కార్డు 2003 లో వచ్చినది. పేరు నమోదు చేసికొన్నవారికి కార్డు పోయినను సొమ్ము పోదు, అది సౌకర్యమే. కాని 2004 ఆగస్టు మొదలు 2006 మార్చివఱకు పోలీసువారు ఆ కార్డుల సమాచారము కావలెనని 436 మాఱులు అడుగగా, 409 మాఱు లిచ్చిరి. దొంగను పట్టుటకు పోలీసువా రడుగుట ధర్మమే యనవచ్చును. అంతకన్న మమ్ము కలవరపెట్టినది మఱియొక సంగతి. 2006 లోనే అచ్చటి పత్రికలు, అనుమానపడు భార్యాభర్తలు ఒకరి కార్డు నొకరు తీసికొని రాకపోకలు విచారించుచున్నారని వ్రాసినవి. తరువాత ఆ సంస్థవారు ఎనిమిది వారముల పిమ్మట ప్రయాణవివరములకును కార్డునకును గల ముడి త్రెంపివేయు నియమము నేర్పఱచుకొనిరి. ఈ నియమము మాకు నచ్చినది. ఛార్జి తగవు వచ్చినచో తీర్చుకొనుటకు ఎనిమిది వారములు చాలును.

హాంకాంగున జరిగినది వేఱు. అచ్చటి ఆక్టోపస్ కార్డు 1997 నుండి యున్నది. బస్సులకే కాక, కొట్లయందును దానితోనే చెల్లింతురు. ఆ కంపెనీవారు బహుమానముల పథకమొకటి పెట్టి, అందు చేరిన రమారమి ఇరువది లక్షల మంది స్వవిషయములను ఇతర వ్యాపారులకిచ్చి నాలుగు కోట్ల నలువది లక్షల హాంకాంగు డాలర్లు గడించిరని 2010 లో బయటపడినది. పెద్ద యలజడి కలిగినది. సంస్థ ముఖ్యాధికారిణి పదవి విడువవలసివచ్చినది. ఆ పిమ్మట 2019 జూనులో వీధులలో నిరసనలకు పోయిన యువజనులు, కార్డులు చేతనుండియు వాడక, టిక్కెట్టు యంత్రములకడ బారులు తీరి రొక్కమిచ్చి ఒక్కప్రయాణపు టిక్కెట్లు కొనిరి. జపానునందును 2013 లో తూర్పు జపాను రైల్వేవారు సూయికా ప్రయాణముల వివరములను, పేర్లు తీసివైచియే, హిటాచీ కంపెనీ కిచ్చిరి. స్టేషను, సమయము, స్త్రీయా పురుషుడా, పుట్టిన సంవత్సరము, మాసము మాత్ర మందు కలవు. అయినను ప్రజలు ఊరకుండలేదు. సంస్థవారు క్షమాపణ చెప్పి, వలదన్నవారి వివరములు తొలగింతుమనిరి.

పేరు తీసివైచిన తరువాత భయమేమని కొందఱడుగుదురు. దీనికి సమాధానము ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరము చెప్పినది. అచ్చటి కార్డునకు మైకీ యని పేరు. 2018 లో ప్రయాణసంస్థవారు, విద్యావంతులు పరిశోధించి బస్సులు రైళ్లు బాగుపడు మార్గములు చెప్పుదురను సదుద్దేశముతో, మూడేండ్ల వివరములను ఒక పోటీకై యిచ్చిరి. కోటిన్నరకు మించిన కార్డులు. సుమారు నూట యెనుబది కోట్ల తాకుళ్లు! కార్డుల నిజమైన నంబర్లు మార్చివైచిరి. పేరొక్కటియు లేదు. ఇంక నెవరు పోల్చగలరని వారి ధైర్యము.

మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున క్రిస్ కల్నేన్, బెంజమిన్ రూబిన్‌స్టీన్, వెనెసా టీగ్ అను ముగ్గురు పండితులు (వీరిలో టీగ్ స్త్రీ యని చెప్పుటకు సంతసించుచున్నాము) ఆ రాశిని ముందుంచుకొని కూర్చుండిరి. తాము ఏ దినమున ఏ గంటకు రైలెక్కిరో తమకు తెలియును గదా! ఆ గంటకు ఆ స్టేషనున తాకిన కార్డులను, మఱియొకనాటి గంటతో సరిపోల్చగా, తమ కార్డు దొరకినది. తరువాత తమతో గూడి ప్రయాణము చేసిన సహోద్యోగి కార్డును వెదకిరి. కలిసి పోయిన ప్రయాణములు తమకు తెలియును. అవి చూపిన కార్డును పట్టుకొనగా, కలిసి పోని మూడేండ్ల ప్రయాణములన్నియు తామే వచ్చి ముందు నిలిచినవి. ఇందలి సారము సోదరీమణులు గమనింతురు గాక. మన రహస్యము తెలిసికొనుటకు పరాయివాడు కానక్కఱలేదు. మనతో రెండుమాఱులు ఒకే బండి నెక్కినవాడు చాలును.

అంతటితో వారు నిలువక, శాసనసభ సభ్యుడైన ఆంటొనీ కార్బైన్స్ కార్డునుగూడ కనిపెట్టిరి. ఆయన తాను రైలెక్కిన సంగతి ట్విట్టరున వ్రాయుచుండెడివాడు. పైగా ఆ రాశిలో ఏ కార్డు ఏ తరగతివారిదో గుర్తుండెను. ఇట్లు రెంటిని చేర్చి పట్టిరి. విక్టోరియా రాష్ట్రపు సమాచార కమీషనరు విచారించి, ఇది ఏకాంతతా చట్టమునకు విరుద్ధమని 2019 ఆగస్టులో తీర్పు వెలువరించెను. అంతకుముందే 2013 లో ఐరోపాలో పదునైదు లక్షల మంది సెల్ ఫోను వివరములను పదునైదు మాసములవి పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఒక మనుష్యుడు ఎప్పు డెక్కడ నుండెనో నాలుగు తావులు తెలిసినచో నూటికి తొంబదియైదుగురిని వేఱుపఱుపవచ్చునని తేల్చిరి. మన నడకయే మన పేరని యర్థము.

ఇదంతయు మా వారికి చదివి వినిపించితిమి. వారు ఉపాధ్యాయులు. నవ్వి, “నీవు పోవునది పుట్టింటికి, బజారునకు, గుడికి. ఎవరు వ్రాసికొనిన నేమి? దాచుకొనదగిన దేమున్నది?” అనిరి. “మీ బడిలో హాజరుపట్టీ యున్నది గదా! అందు దాచదగినదేమి? అయినను దానిని బజారున వ్రేలాడగట్టుదురా?” అని మే మడిగితిమి. కొంతసేపు వారు మాటలాడలేదు. పిమ్మట తామే చెప్పిరి. కొన్నియేండ్ల క్రిందట ఒకడు బడికి వచ్చి, పదవతరగతిలోని యొక బాలిక ఏయే దినములు బడికి రాలేదో చూపుడని అడిగెనట. తండ్రియు కాడు, అన్నయు కాడు. ప్రధానోపాధ్యాయులు పట్టీని బీరువాలో పెట్టి తాళమువైచి వానిని పంపివైచిరట. పట్టీలో నున్నవి చుక్కలును గీతలును మాత్రమే. కాని అడిగినవాడు దేనికై యడిగెనో వారికి తెలియును.

స్త్రీకి గల చిక్కు ఇదియే. పురుషుడు ఆలస్యముగా వచ్చినచో పని యుండెననుకొందురు. స్త్రీ ఆలస్యముగా వచ్చినచో ఎక్కడికి పోయెనందురు. ప్రతి మంగళవారము ఒకే స్టేషనున దిగు స్త్రీని గూర్చి ఆ స్టేషను ప్రక్కన నున్న ఆసుపత్రి చెప్పును, కుటుంబన్యాయస్థానము చెప్పును, సంతానచికిత్సాలయము చెప్పును. ఆమె తన నోట చెప్పుటకు సిద్ధపడకముందే కార్డు చెప్పివైచును. మా యెఱుకలో నొక సోదరి కలదు. పేరును ఊరును చెప్పము. నగరమున చిన్న యుద్యోగము చేయుచున్నది. భర్త తన ఫోనుతోనే ఆమె కార్డునకు సొమ్ము వేయుచుండును. ప్రేమచేతనే చేయుచున్నాడని అందఱును మెచ్చుకొనిరి. ఆమెయు నట్లే తలంచెను. ఒకనాటి సాయంకాలము వకీలుగారిని చూడవలసి, నిత్యము దిగు స్టేషనునకు రెండు స్టేషనులు ముందు దిగినది. ఇల్లు చేరునప్పటికి, గడపలోనే ఆ స్టేషను పేరు పెట్టి ప్రశ్న యడుగబడినది. ఆ దినము మొదలు ఆమె కూరల సొమ్ములో మిగిల్చి రొక్కమిచ్చి టిక్కెట్టు కొనుచున్నది. మేమును పట్టణమునకు పోయినప్పుడు గవాక్షముకడ రొక్కమే యిచ్చుచుందుము. దీనికి మా వారు ఇప్పుడు నవ్వుట మానిరి.

వ్రాతవలన మేలేమియు లేదని మేము చెప్పుటలేదు. ఏ దారిని ఏ గంటకు ఎందఱు పోవుచున్నారో తెలిసినగాని బస్సులు వేయలేరు. కాని దానికి తలల లెక్క చాలును, మొగముల లెక్క అక్కఱలేదు. ఇంటినుండి వెడలిన పిల్ల తిరిగి రానప్పుడు ఆమె కార్డు ఎక్కడ తాకినదో తెలియుట ప్రాణరక్షణమే కావచ్చును. అట్టివేళ పోలీసువారు వ్రాతపూర్వకముగా కారణము చూపి యడుగుదురు గాక. గుమాస్తా స్నేహితుడు టీ త్రాగుచు అడిగి తెలిసికొనుట మాత్రము కూడదు.

మన దేశపు సంగతి. ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరున మొదలైనది. హైదరాబాదు మెట్రో 2017 నవంబరున. రైలునకు, బస్సునకు, కొట్టునకు ఒక్కటే కార్డు పనిచేయవలెనని కేంద్రప్రభుత్వము 2019 మార్చిలో జాతీయ ఉమ్మడి ప్రయాణపు కార్డును ప్రవేశపెట్టినది. కార్డులు మూడున్న చోట ఒకటి చాలుట సుఖమే. కాని మూడు పుస్తకములయందు చెదరియున్న జీవితము ఒక్క పుస్తకమున కూడుటయు నిజమే. కార్డు లేనివారు ఫోనుతో కండక్టరునకు చెల్లించినను, ఆ చెల్లింపు బ్యాంకు ఖాతా పట్టికలో దినముతో, గంటతో నిలిచియుండును. ఉమ్మడి ఖాతా గలవారు ఇది మఱువరాదు.

తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి మహాలక్ష్మి పథకమునను, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీశక్తి పథకమునను స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది. పుట్టింటికి పోవుటకు చార్జీలకై చేయిచాచు దైన్యము ఎందఱికో తీఱినది. మే మిది చిన్న మేలుగా నెంచము. రాష్ట్రమున నివాసియని చూపుటకు ఆధారు వంటి గుర్తింపు పత్రము చూపవలెను. కండక్టరు చూచి సున్న టిక్కెట్టు ఇచ్చును. చూపుట వేఱు, వ్రాసికొనుట వేఱు. కన్ను చూచి మఱచును. ముందుముందు ఈ చూపుటకు మాఱుగా కార్డు తాకించుట వచ్చినచో, ఛార్జి యిచ్చు పురుషుడు పేరులేక పోవును, ఉచితముగా పోవు స్త్రీ మాత్రము పేరుతో పోవును! ఇది కూడదని చెప్పుటకు తార్కాణము పొరుగుననే కలదు. తమిళనాడున 2021 మేనెల నుండి సాధారణ బస్సులలో స్త్రీల కుచిత ప్రయాణ మున్నది. స్త్రీయైన చాలును, గుర్తింపు పత్ర మడుగరు. అందువలన ఆ పథకము చెడిపోలేదు.

చట్టము మన పక్షమున కొంత యున్నది. 2017 ఆగస్టు 24వ తేదీన సర్వోన్నతన్యాయస్థానమున తొమ్మండుగురు న్యాయమూర్తులు, కె. ఎస్. పుట్టస్వామి అను విశ్రాంత న్యాయమూర్తి వేసిన వ్యాజ్యమున, ఏకాంతత ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఆ పిమ్మట 2023 ఆగస్టున డిజిటల్ వైయక్తిక సమాచార రక్షణ చట్టము వచ్చినది. ఈ చట్టమున నొక విశేషమున్నది. వ్యక్తిని చెప్పవలసినచోట నెల్ల “ఆమె” యని వ్రాసి, అందు పురుషులుగూడ చేరుదురని నిర్వచించిరి. మన శాసనములందు మొగవాని మాటునుండి మనల నర్థము చేసికొనుచు వచ్చితిమి. ఈ మాఱు వారే మన మాటున నిలిచిరి! చేయవలసిన పనికి అవసరమైనంత సమాచారమే పుచ్చుకొనవలెననియు, సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చుననియు, తుడిచివేయుమని అడుగవచ్చుననియు అందున్నది. నియమములు 2025 నవంబరున ప్రకటించిరి; ముఖ్యమైన బాధ్యతలకు పదునెనిమిది మాసముల గడు విచ్చిరి. అయితే కేంద్రప్రభుత్వము పేర్కొను ప్రభుత్వసంస్థలను దీనినుండి మినహాయింపవచ్చునను నిబంధనయు నున్నది. మన బస్సులు నడుపునవి ప్రభుత్వసంస్థలే గనుక ఈ కిటికీ ఎంత తెఱచుదురో స్త్రీసమాజములవారు కనిపెట్టుచుండవలెను. ప్రయాణపు వ్రాతకు లండనువలె ఒక గడువు విధింపుడని శాసనసభ్యులకు వ్రాయుటకు ఇదియే తగిన సమయము.

అంతవఱకు చేయదగిన దొకటి కలదు. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకువారు ప్రయాణములకై మాత్రమే వాడు కార్డులను, వివరముల తనిఖీ లేకయే, బ్యాంకులును ఇతర సంస్థలును ఇయ్యవచ్చునని ఉత్తరువు చేసిరి. అట్టి కార్డునందు ఏ సమయముననైనను 3,000 రూపాయలకు మించి యుండరాదు. అందలి సొమ్ము తిరిగి రొక్కముగా తీసికొనుటకు వీలులేదు. కార్డు పోయినచో సొమ్ము పోయినట్లే యెంచుకొనవలెను. కావున రెండు మూడు వందలకు మించి వేయక, గవాక్షముకడ రొక్కముతో వేయించుకొనుట మంచిది. ఫోను నంబరు అడిగినచో తప్పనిసరియా యని విచారింపవలెను. తప్పనిసరియైనచో తన నంబరే యియ్యవలెను గాని ఇంటిలో మఱియొకరిది యియ్యరాదు. ఫారము చాచి నింపుమన్నచో, ఈ గడి దేనికని యడిగి, ఛార్జి లెక్కకు పనికిరాని గడులను ఖాళీగా విడిచి తిరిగి యియ్యవచ్చును.